మూడు చక్రాలు, రెండు సీట్లు, తలుపుల్లేవు

ఇల్లు నడిపే ఆడవాళ్లకి, ఇంటి పనికి ఏ మాత్రమూ పనికిరాని వస్తువు ఒకటి సొంతంగా ఉండాలని నా అభిప్రాయం. పట్టుచీరలు లెక్కలోకి రావు, అవి పెళ్లిళ్లకి కావాలి. బంగారం అసలే రాదు, ఎప్పుడో ఎవరి ఫీజుకో అక్కరకొస్తుందనే కదా కొంటాం. మొక్కలంటారా, కరివేపాకు, గోంగూర, ఆఖరికి మల్లెతీగ కూడా ఇంటికి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటాయి. నేనంటున్నది నిజంగా పనికిరానిది.

మా గరాజ్‌లో అలాంటిది ఒకటుంది. దాని పేరు స్లింగ్‌షాట్. పొలారిస్ కంపెనీ 2014లో బయటికి తెచ్చిన బండి. మాది 2017 నాటిది, సెకండ్ హ్యాండ్. మాది అన్నాను కానీ కాగితాల మీద నా పేరే ఉంది. పిల్లలు పెద్దయ్యాక స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్లి దాచుకున్న డబ్బుతో కొన్నాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసుగా. కొన్న వారంలోనే సగం మందికి తెలిసిపోయింది. అందరి మొదటి ప్రశ్న ఒక్కటే: "మీవారు కొనుక్కున్నారటగా?"

చూడనివాళ్ల కోసం కాస్త వర్ణిస్తాను. మూడు చక్రాలనగానే మనకి ఆటో గుర్తొస్తుంది. ఆటోకి ముందు ఒక చక్రం, వెనక రెండు. దీనికి ముందు రెండు, వెనక ఒకటి. ఆ తేడా చిన్నది కాదు. మలుపులో బ్రేకు వేస్తూ తిప్పితే బండి బరువంతా ముందుకీ, మలుపుకి బయటి వైపుకీ తోసుకొస్తుంది. ఆటోకి సరిగ్గా అక్కడే చక్రం ఉండదు. బెజవాడలో మలుపు తిరుగుతుంటే ఆటో ఒక పక్కకి లేచినట్టయి, పక్కనున్నావిడ మన ఒళ్లోకి వచ్చిపడేది అందుకే. స్లింగ్‌షాట్‌లో బరువు పడే చోట చక్రం ఉంది. పైగా నేలకి బాగా దగ్గరగా, కాళ్లు చాపుకుని కూర్చుంటాం. అందుకని మూడు చక్రాలే అయినా ఒరుగుతుందన్న భయం ఉండదు.

తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఏసీ లేదు. స్టీరింగ్, క్లచ్, బ్రేకు, ఐదు గేర్లు మాత్రం కారులో లాగే. ఇంజను జనరల్ మోటార్స్ వాళ్ల 2.4 లీటర్లది, అంటే కారు ఇంజనే. బరువు చూస్తే సుమారు 1,700 పౌండ్లు. మా మినీవ్యాన్ ఖాళీగా ఉన్నప్పుడే 4,500 ఉంటుంది. కారు ఇంజను తీసుకెళ్లి వ్యాన్‌లో సగం బరువు కూడా లేని బండిలో పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మొదటి రోజు సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ లైటు పడగానే కాలు ఆనించాను. ఆ తర్వాత ఓ నిమిషం పాటు నాకు నేనే నవ్వుకుంటూ ఉండిపోయాను. గేర్ల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ పుట్టిపెరిగిన చాలామందికి క్లచ్ రాదు. గుంటూరులో డ్రైవింగ్ స్కూలు వాళ్ల మారుతి 800లో, పక్క సీట్లోంచి మాస్టారు అరుస్తుంటే నేర్చుకున్న విద్య నాకు ఇరవై ఏళ్ల తర్వాత టెక్సస్‌లో పనికొచ్చింది. మా వీధి కుర్రాళ్ల దగ్గర నాకిప్పుడున్న గౌరవం బిర్యానీ వల్ల వచ్చింది కాదు.

ఇది కారా, మోటార్ సైకిలా అన్నది ప్రభుత్వానికే తేలలేదు కొన్నాళ్లు. అమెరికా కేంద్ర నిబంధనల ప్రకారం మూడు చక్రాలుంటే మోటార్ సైకిలే. కానీ మోటార్ సైకిలంటే కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సాడిల్ ఉండాలని టెక్సస్ చట్టంలో ఉండేది. దీనికేమో పక్కపక్కనే రెండు కుర్చీలు. అందుకని 2014 చివర్లో మా రాష్ట్రంలో వీటి రిజిస్ట్రేషన్ ఆపేశారు. మరుసటి ఏడాది చట్టం మార్చాక గానీ రోడ్డెక్కలేదు. మనలో చాలామందికి ఈ బాధ తెలుసు. ఫారంలో వృత్తి అన్న గడి దగ్గర ఏం రాయాలో తోచక పెన్ను ఆగిపోతుంది చూడండి, అలాంటిదే.

సరే, అసలు విషయానికి వస్తాను.

నేను పద్నాలుగేళ్లు మినీవ్యాన్ నడిపాను. దాని మీద నాకేం కోపం లేదు. ఇద్దరు పిల్లల్నీ, వాళ్ల కార్ సీట్లనీ, తర్వాత వాళ్ల వయొలిన్‌నీ, సాకర్ బూట్లనీ, కూచిపూడి నగల పెట్టెనీ మోసింది. ఇండియన్ స్టోర్ నుంచి సోనామసూరి బస్తాలు మోసింది. ఎయిర్‌పోర్టు నుంచి అత్తయ్యగారినీ, మామయ్యగారినీ, ఆవకాయ కారుతున్న వాళ్ల సూట్‌కేసుల్నీ మోసింది. పాట్‌లక్‌కి వెళ్తుంటే పులిహోర ట్రే జారకుండా ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడిపిన రోజులున్నాయి. అయితే ఆ పద్నాలుగేళ్లలో నేను ఎక్కడికో వెళ్లాలనిపించి ఎన్నిసార్లు బండి తీశానంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవర్నో దింపడానికి, ఎవర్నో తీసుకురావడానికి, ఏదో కొనడానికి, ఏదో వాపసు ఇవ్వడానికే తీశాను. తాళం చేతిలోకి తీసుకున్నానంటే ఎవరికో పని ఉన్నట్టే. ఇంట్లోవాళ్లు కూడా తాళాల చప్పుడు వినగానే గదుల్లోంచి కేకేసేవాళ్లు, "అమ్మా, ఎలాగూ వెళ్తున్నావుగా..." అని.

ఆ "ఎలాగూ వెళ్తున్నావుగా" అన్న మాటకి మందు స్లింగ్‌షాట్. దానికి డిక్కీ లేదు. సీట్ల వెనక తాళం వేసుకునే అరలు రెండుంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో హెల్మెట్ పడుతుంది, అంతే. వెనక సీటు లేదు. చైల్డ్ సీటు పెట్టే వీలు లేదు. కొత్తిమీర కట్ట పక్క సీట్లో పెడితే ఇంటికొచ్చేసరికి కాడలు మిగులుతాయి. పాల క్యాన్ పెడితే ఎండకి విరుగుతుంది. మొదట్లో మావాడు అలవాటుగా "అమ్మా, దార్లో నన్ను ప్రాక్టీసులో దింపు" అన్నాడు. నేను బండి వైపు చూపించాను. వాడు తన గోనె సంచి లాంటి బ్యాగునీ, బండినీ మార్చి మార్చి చూసి, "ఓ" అని వెళ్లి నాన్నని అడిగాడు. వాళ్ల నాన్న దింపొచ్చారు. ఏమీ కొంప మునగలేదు. ఈ మాట మాత్రం అండర్‌లైన్ చేసి చదవండి.

డబ్బు దండగ అన్నవాళ్లు ఉన్నారు. "ఆ డబ్బుకి షాద్‌నగర్ వైపు ప్లాటు వచ్చేది కదా వదినా" అంది మా ఆయన చెల్లెలు. అంత డబ్బుకి వస్తుందో రాదో గానీ, నాకు ఆదివారం పొద్దున్నే లేచి షాద్‌నగర్ ప్లాటులో తిరగాలనిపించదు. ఫోన్లో అత్తయ్యగారు ఫొటో చూసి, "అదేంటమ్మాయ్, తలుపులు పెట్టకుండానే అమ్మేశారా?" అన్నారు. నాకు ఆవిడ ప్రశ్నే నచ్చింది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగారు.

ప్రమాదం సంగతి మాత్రం నవ్వి తోసేసేది కాదు. మా ఆయన అడిగింది అదే. గట్టిగా అరవలేదు, వద్దనలేదు. రాత్రి గిన్నెలు తుడుస్తూ, "దాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు, నీకు తెలుసుగా?" అన్నారు. తెలుసు. సీటు బెల్టు ఉంది, తల వెనక బలమైన రోల్ హూప్స్ ఉన్నాయి, చక్రాలు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. కానీ ఎయిర్‌బ్యాగు లేదు, పక్కన తలుపు లేదు. చట్టం దృష్టిలో మోటార్ సైకిల్ కాబట్టి కార్లకి పెట్టే ఢీకొట్టే పరీక్షలు దీనికి పెట్టరు. పెద్ద పికప్ ట్రక్కు పక్కన ఆగితే దాని చక్రం నా భుజం దగ్గర ఉంటుంది. పైనున్న డ్రైవరుకి నేను కనిపిస్తున్నానో లేదో. ఇవన్నీ తెలిసే కొన్నాను.

అందుకే నాకు కొన్ని పట్టింపులున్నాయి. టెక్సస్‌లో ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ట్రైనింగు తీసుకున్నా, ఆరోగ్య బీమా ఉన్నా హెల్మెట్ లేకుండా తిరగొచ్చు. నేను తిరగను. ముఖమంతా కప్పే హెల్మెట్ లేకుండా బండి వాకిలి దాటదు, ఎండాకాలమైనా సరే. ఫ్రీవే ఎక్కను. వాన సూచన ఉంటే తియ్యను. బండిని తోసేది వెనకున్న ఆ ఒక్క టైరే, తడి రోడ్డు మీద అది జారిందంటే బండి మొత్తం తిరుగుతుంది. చీకటి పడ్డాక నడపను. నాకు లైఫ్ ఇన్సూరెన్స్ ఉండాలని మా ఆయన అన్నారు. నిజం చెప్పొద్దూ, ఈ బండి కొనేదాకా మా ఇంట్లో టర్మ్ పాలసీ ఆయనకే ఉండేది. సంపాదించేది ఆయన కాబట్టి ఆయన పోతే నష్టం అని లెక్క. నేను పోతే వంట, పిల్లలు, చదువులు, పెద్దవాళ్ల మందులు ఎవరు చూస్తారు, దానికి ఏడాదికి ఎంతవుతుంది అని ఆ రాత్రి మొదటిసారి కాగితం మీద వేశాం. వచ్చిన అంకె చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మీరు ఏ బండీ కొనకపోయినా సరే, ఆ లెక్క మాత్రం ఒకసారి వేయించండి.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది, అది మా ఆయన మీద కాదు. మా కాలనీలో ఇద్దరు మగాళ్లు నలభై దాటాక మోటార్ సైకిళ్లు కొన్నారు. మూడు కాదు, రెండే చక్రాలు. ఇంకొకాయన విమానం లోంచి పారాచూట్ వేసుకుని దూకి, ఆ వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "పిల్లలున్నవాడివి కదా" అని ఒక్కరూ అనలేదు. నాతో ఆ మాట ఎంతమంది అన్నారో లెక్క లేదు. అన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పిల్లలు పుట్టాక తల్లి ఒళ్లు ఇంటి ఉమ్మడి ఆస్తి అయిపోతుంది, దాన్ని ఎక్కడైనా పెట్టాలంటే అందరి సంతకాలూ కావాలి. ప్రమాదం నిజమే, ఒప్పుకుంటాను. దాన్ని తూచి చూసి తేల్చుకునే వయసు నలభై అయిదేళ్ల మనిషికి వచ్చిందని మాత్రం మీరూ ఒప్పుకోవాలి.

చరిత్ర చూస్తే ఇది ఆడవాళ్లకి కొత్త కూడా కాదు. ఇంగ్లండులో మోర్గాన్ అనే కంపెనీ 1910 నుంచే ఇలా ముందు రెండు, వెనక ఒక చక్రం ఉన్న బండ్లు చేసేది. నాలుగు చక్రాల కార్ల కన్నా వీటికి అక్కడ పన్ను తక్కువ కావడంతో బాగా అమ్ముడుపోయాయి. గ్వెండా హాక్స్ అనే ఆవిడ 1930 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మాంట్లెరీ ట్రాక్ మీద మోర్గాన్ బండిని గంటకి 110 మైళ్లు దాటించి రికార్డులు పెట్టింది. ఆ కాలంలో! నేను 55 దాటితే గొప్ప.

బండికి ఒప్పుకున్నా దాని పేచీలు దానికున్నాయి. జులై, ఆగస్టుల్లో డాలస్ ఎండ నూరు డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ఎక్కితే పెనం మీద అట్టులా తయారవుతాం. అందుకని వేసవిలో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకానే. సీట్లకి నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, లోపలంతా గొట్టంతో కడిగెయ్యొచ్చు. వాకిలి కడిగినట్టు బండి లోపల కడగడం నాకు భలే ఇష్టం. వెనక టైరు త్వరగా అరిగిపోతుంది, ఒక్కటే కదా తోసేది, దాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. డ్రైవ్ త్రూ కిటికీ నా నెత్తి మీద ఎక్కడో ఉంటుంది. కాఫీ ఇచ్చే అమ్మాయి బయటికి వంగి, గుళ్లో తీర్థం ఇచ్చినట్టు ఇస్తుంది. పెట్రోలు బంకులో అయిదు నిమిషాల పని ఇరవై నిమిషాలు పడుతుంది, ఎవరో ఒకరు వచ్చి ఇదేంటని అడుగుతారు. పద్నాలుగేళ్లు మినీవ్యాన్‌లో పెట్రోలు పోయించుకున్నాను, ఒక్కరు పలకరించలేదు.

బట్టల దగ్గర జాగ్రత్త. చున్నీ వేసుకుని ఇలాంటి బండి ఎక్కొద్దు, ఎంత ముడి వేసుకున్నా సరే. ఇసడోరా డంకన్ అనే నర్తకి 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ ఊళ్లో పైకప్పు లేని కారు ఎక్కినప్పుడు, ఆవిడ పొడుగాటి స్కార్ఫు చక్రంలో చుట్టుకుని ప్రాణం తీసింది. నేను జీన్స్, పొడుగు చేతుల చొక్కా, కాలివేళ్లు కప్పే బూట్లు వేసుకుంటాను. జుట్టు ముడి వేస్తే హెల్మెట్ పట్టదు, మెడ దగ్గర నుంచి కిందకి వదులుగా జడ వేసి చొక్కా లోపలికి దోపాలి. నల్లపూసలు కూడా చొక్కా లోపలే, గాలికి గడ్డం మీద కొడతాయి. బొట్టు ఎలాగూ నిలవదు, అందుకు బాధపడొద్దు.

ఇంత గొడవ పడి ఏం దొరుకుతుందంటే, వాసనలు. కారు అద్దాల వెనక నేను ఈ దేశాన్ని పద్నాలుగేళ్లు చూశానే గానీ దాని వాసన ఎరగను. ఊరు దాటి ఫార్మ్ టు మార్కెట్ రోడ్లెక్కితే గడ్డి కోసిన వాసన, పశువుల పాకల వాసన, చెరువు దగ్గరికి రాగానే గాలి చల్లబడటం, ఎవరింట్లోనో మాంసం కాలుస్తున్న పొగ. ఏప్రిల్‌లో డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్ ఊరి దగ్గర రోడ్ల పక్కన బ్లూబానెట్ పూలు నీలంగా పరుచుకుంటాయి. వెనక ఏడుగురు పట్టే బండిలో పోతూ ఫొటో తీసినప్పుడు అదొక పువ్వు. చెయ్యి చాపితే తగిలేంత కింద కూర్చుని పోతుంటే మా నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని మినపచేల మధ్య వెళ్లినట్టే ఉంటుంది. అప్పటి నుంచి ఇంత నేల దగ్గరగా నేనెక్కడికీ వెళ్లలేదు.

ఎదురొచ్చే మోటార్ సైకిల్ వాళ్లు చెయ్యి కిందకి చాపి పలకరిస్తారు. హెల్మెట్‌లో నేనెవరో వాళ్లకి తెలియదు, ఆడో మగో, ఏ దేశమో, ఏం ఉద్యోగమో. నేనూ చెయ్యి ఊపుతాను.

నెలకోసారి మా ఆయన పక్క సీట్లో ఎక్కుతారు. మొదటిసారి ఆయన కుడి పాదం లేని బ్రేకుని దారి పొడుగునా తొక్కుతూనే ఉంది. ఇప్పుడు తగ్గింది. వేగం అందుకున్నాక గాలి హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. పిల్లల మార్కులు, ఇంటి లోను, ఇండియా ఫోన్లు, ఏవీ కుదరవు. చెరువు గట్టున ఆపి హెల్మెట్లు తీసేసరికి ఇద్దరం మాట్లాడుకోవడానికి వేరే విషయాలు వెతుక్కోవాల్సి వస్తుంది. మొన్న ఆయన తన చిన్నప్పటి స్కూటర్ గురించి, వాళ్ల నాన్న దాన్ని అమ్మేసిన రోజు గురించి చెప్పారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు.

తేలనిది మా అమ్మాయి దగ్గర. దానికి పదిహేడు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, తనకీ స్లింగ్‌షాట్ కావాలి. కుదరదన్నాను. "నువ్వు ఎక్కితే నీ ఇష్టం, నేను ఎక్కితే ప్రమాదమా?" అంది. పైన నేను రాసిన మాటలన్నీ నాకే అప్పజెప్పింది. నలభై అయిదుకి, పదిహేడుకి తేడా ఉంది తల్లీ అన్నాను. ఉందనే ఇప్పటికీ అంటాను. అయితే ఎన్నేళ్లకి ఆ తేడా పోతుందని అడిగింది, పద్దెనిమిదా, ఇరవై ఒకటా, పెళ్లయ్యాకా? పెళ్లయ్యాకా అన్నప్పుడు అది నవ్వలేదు. ప్రస్తుతానికి బేరం ఇక్కడ ఆగింది: ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో వాళ్ల నాన్న పాత కారు మీద క్లచ్ నేర్చుకోవాలి, ఆగకుండా పది సార్లు ఎత్తు మీద బండి ఎత్తాలి. నిన్నటికి నాలుగయ్యాయి. పక్క సీట్లోంచి నేను అరవడం లేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను.